విద్యుత్ తనిఖీ రిపోర్టులో కొలతలు ఏవి?

సంపాదకులకు,

ఏదైనా భవనం తగలబడితే మర్నాడు ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమిక అంచనా’ అన్న మాటతో వార్త ముగుస్తుంది. ఆ భవనంలో వైరింగ్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఏ సర్క్యూట్‌లో ఎంత విలువ వచ్చింది అని ఆరా తీసేవారు తక్కువ. తీసినా చాలా భవనాల్లో చూపించడానికి ఉండేది ఒకే ఒక్క కాగితం. ‘విద్యుత్ ఏర్పాట్లన్నీ పరిశీలించాం, సంతృప్తికరంగా ఉన్నాయి’ అని ఒక వాక్యం, కింద స్టాంపు, సంతకం. కొలిచిన అంకె ఒక్కటీ ఉండదు. అలాంటి కాగితాన్ని ఇంటి యజమాని గానీ, అపార్ట్‌మెంటు సంఘం గానీ, ఆసుపత్రి, బడి యాజమాన్యాలు గానీ పరీక్ష రిపోర్టుగా ఒప్పుకోకూడదు. ఎందుకు ఒప్పుకోకూడదో, అసలు రిపోర్టులో ఏముండాలో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి ఐఈసీ 60364 ప్రమాణంలో ఆరో భాగం మొత్తం ఈ విషయానికే కేటాయించారు. చాలా దేశాల వైరింగ్ నియమాలు దాని దారిలోనే నడుస్తాయి. ముందు కంటితో తనిఖీ, తర్వాత పరికరంతో పరీక్ష. పరీక్షల్లోనూ ఒక వరస ఉంది. ఎర్త్ వైరు ఎక్కడా తెగలేదని చూడటం, ఇన్సులేషన్ కొలవడం సరఫరా ఆపి చేసేవి. లూప్ ఇంపెడెన్స్ (లోపం వచ్చినప్పుడు కరెంటు ఎర్త్ దారిన తిరిగొచ్చే మొత్తం మార్గపు నిరోధం), ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపే పరికరం) పరీక్షలు సరఫరా ఇచ్చాక చేసేవి. ఈ వరసను తలకిందులు చేయకూడదు. ఎర్త్ వైరు తెగి ఉందో లేదో తెలుసుకోకుండానే కరెంటు ఇచ్చి లూప్ పరీక్షకు దిగితే, మీటరు పంపే కరెంటు ఆ తెగిన ఎర్త్‌కు కలిపి ఉన్న లోహపు బాడీలన్నిటికీ ఫేజ్ వోల్టేజీని మోసుకెళ్తుంది. ఆ క్షణంలో పక్క గదిలో ఎవరైనా ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఉండొచ్చు.

సరఫరా ఆపడంలోనూ పద్ధతి ఉంది. మెయిన్ దించి, దానికి తాళం వేసి, తాళంచెవి పరీక్ష చేసే మనిషి తన దగ్గరే ఉంచుకోవాలి. ఆ తర్వాత రెండు ప్రోబుల వోల్టేజీ టెస్టర్‌తో ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడు జతల మధ్యా చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన పాయింటు మీద ముందొకసారి, పరీక్ష అయ్యాక ఇంకొకసారి చూసుకోవాలి. స్క్రూడ్రైవర్ టెస్టర్‌నూ, తగలకుండానే వెలిగే పెన్ను టెస్టర్‌నూ నమ్మి తీగ మీద చెయ్యి వేయకూడదు. అవి వెలగకపోవడం కరెంటు లేదనడానికి రుజువు కాదు. పరీక్షకు వాడే మీటర్లు, ప్రోబులు మెయిన్ బోర్డు దగ్గర తగినంత క్యాటగిరీ రేటింగ్ (హఠాత్తుగా వచ్చే వోల్టేజీ పోటును తట్టుకునే స్థాయి) ఉన్నవై ఉండాలి. తక్కువ రేటింగున్న మల్టీమీటరు బస్‌బార్ల (మెయిన్ బోర్డులోని మందపాటి లోహపు పట్టీల) మీద పేలిపోగలదు.

కంటి తనిఖీని చాలామంది లాంఛనంగా చూస్తారు. మా దృష్టిలో సగం లోపాలు దొరికేది అక్కడే. అయితే డీబీ (సర్క్యూట్లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) తలుపు తెరిస్తే సరిపోదు, లోపలి కవరు స్క్రూలు విప్పాలి. టెర్మినల్ దగ్గర తీగ తొడుగు గోధుమరంగుకు తిరిగిందా, ఒకే స్క్రూ కింద మూడు తీగలు దూర్చారా, ఎర్త్ వైరును కత్తిరించి మూలకు మడిచేశారా, ఖాళీ ఎంసీబీ (కరెంటు హద్దు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) గళ్లకు మూత ఉందా, కేబుల్ దూరే రేకు అంచుకు రబ్బరు గ్రొమెట్ ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. కేబుళ్లు ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు వెళ్లే షాఫ్టు దగ్గర స్లాబు రంధ్రాన్ని మంటలు దాటని పదార్థంతో మూసి ఉండాలి. మూయని షాఫ్టు పొగకు పొగగొట్టంలా పనిచేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఎంసీబీ సైజు పెంచడం. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని (ట్రిప్ అవుతోందని) 16 యాంపియర్లది తీసి 32 వేస్తారు. తీగ మాత్రం పాత 2.5 చదరపు మిల్లీమీటర్లదే. గోడలోని పైపులో వెళ్లే ఆ సైజు పీవీసీ రాగి తీగ మోయగలిగేది సుమారు 20 యాంపియర్లు. అదే పైపులో ఇంకా సర్క్యూట్లుంటే అంతకన్నా తక్కువ. ప్రమాణం ప్రకారం ఎంసీబీ తన రేటింగ్‌కు 1.13 రెట్ల కరెంటును గంటసేపు పడకుండా మోయాలి. అంటే 32 యాంపియర్ల ఎంసీబీ 36 యాంపియర్లను గంటసేపు పోనిస్తుంది. ఎంసీబీలో లోపమేమీ లేదు, తీగే లోలోపల ఉడుకుతుంది. అందుకే రిపోర్టులో ప్రతి సర్క్యూట్‌కూ తీగ సైజు, ఎంసీబీ రేటింగ్, అది బీ రకమా సీ రకమా (బీ రకం రేటింగ్‌కు అయిదు రెట్ల కరెంటుకు, సీ రకం పది రెట్లకు వెంటనే పడుతుంది) అన్నది పక్కపక్కన రాయాలి. రాస్తే చాలు, తప్పు కళ్లకు కడుతుంది.

ఇక పరికరం పట్టుకుని చేసే మొదటి పరీక్ష ఎర్త్ కంటిన్యూటీ. ఎర్త్ వైరు డీబీ నుంచి ప్రతి సాకెట్ దాకా, ప్రతి లోహపు ఫిటింగ్ దాకా తెగకుండా వెళ్లిందా అని చూడటం. దీనికి కనీసం 200 మిల్లీయాంపియర్లు పంపగల మీటరు వాడాలి. మల్టీమీటరు బీప్ విని టిక్కు పెట్టడం సరికాదు, ఎందుకంటే ఆ బజర్ పదుల ఓమ్‌ల నిరోధం ఉన్నా మోగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం మీటరు పొడవుకు 7.41 మిల్లీఓమ్‌లు. 20 మీటర్ల దూరానికి 0.15 ఓమ్. ప్రోబు తీగల నిరోధం తీసేశాక మీటరు ఆ దరిదాపుల్లో చూపించాలి. 0.9 చూపిస్తే దారిలో ఏదో జంక్షన్ బాక్సులో జాయింటు వదులైందని అర్థం. బజర్‌కు 0.15 అయినా 0.9 అయినా ఒకటే. అయితే ఈ పరీక్షకూ ఒక హద్దుంది. పోగులన్నీ తెగి ఒకే పోగు మీద వేలాడే తీగ కూడా మీటరు మీద మంచి విలువే చూపిస్తుంది, నిజమైన ఫాల్ట్ కరెంటు వచ్చినప్పుడు మాత్రం క్షణంలో కాలిపోతుంది. అందుకే టెర్మినల్ దగ్గర తీగను చేత్తో గట్టిగా లాగి చూడాలి. మీటరు చెప్పలేనిది చెయ్యి చెబుతుంది.

తర్వాతది అందరికీ తెలిసిన మెగ్గర్ పరీక్ష, అంటే ఇన్సులేషన్ (తీగ తొడుగు) నిరోధం కొలవడం. 230, 400 వోల్టుల సర్క్యూట్లకు 500 వోల్టుల డీసీ పెట్టి కొలవాలి. కనీసం 1 మెగాఓమ్ రావాలి. ముందుగా బల్బులు తీసి, ప్లగ్గులన్నీ పీకి, లైట్ల స్విచ్చులు వేసి ఉంచాలి. స్విచ్చు ఆఫ్‌లో ఉంటే దాని అవతలి తీగ పరీక్షకే రాదు. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఎర్త్‌కు కొలిస్తే లోపలి పరికరాలకు దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది. ఎల్ఈడీ డ్రైవర్లు, డిమ్మర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు ముందే విడదీయాలి. సర్జ్ ప్రొటెక్టర్ లోపలి వేరిస్టర్ 500 వోల్టులకు కాస్తో కూస్తో కరెంటు పోనివ్వొచ్చు, వైరింగ్ బాగున్నా రీడింగ్ పడిపోతుంది. దాన్ని విడదీయడం వీలుకానప్పుడు ఆ సర్క్యూట్‌కు 250 వోల్టులతో పరీక్షించడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది, కానీ 1 మెగాఓమ్ హద్దు మారదు. పరీక్ష అయ్యాక పొడవాటి కేబుల్‌లో నిలిచిన చార్జి దిగేదాకా తీగను తాకకూడదు.

ఇక్కడ 1 మెగాఓమ్‌ను పాసు మార్కులా చూడటం పొరపాటు. కొత్త పీవీసీ వైరింగ్‌లో ఒక్కో సర్క్యూట్‌కు వందల మెగాఓమ్‌లు రావాలి. కొత్త భవనంలో ఒక సర్క్యూట్ 1.2 చూపిందంటే ప్రమాణం ప్రకారం పాసే కానీ ఎక్కడో మేకు తగిలిందో, పైపులోకి నీరు దిగిందో వెతకాల్సిందే. మరోపక్క, డీబీ మొత్తాన్ని ఒకేసారి కొలిస్తే సర్క్యూట్లన్నీ సమాంతరంగా కలుస్తాయి. పది సర్క్యూట్లు తలా 10 మెగాఓమ్‌లుంటే మొత్తం 1 మెగాఓమ్ చూపిస్తుంది. మొత్తం 0.8 వస్తే బెంబేలు పడనక్కర్లేదు, ఒక్కో ఎంసీబీ దించుతూ, ఒక్కో న్యూట్రల్ విడదీస్తూ కొలవాలి. తొమ్మిది సర్క్యూట్లు 200 పైన ఉండి ఒకటి 0.8 దగ్గర ఉందంటే దొంగ దొరికినట్టే. అంతకన్నా విలువైంది పాత రిపోర్టుతో పోలిక. ఒకే సర్క్యూట్ 500 నుంచి 80కి, 80 నుంచి 6కి జారుతూ వస్తుంటే, ఇంకా 1 పైనే ఉన్నా, తడి గానీ వేడి గానీ ఎలుకలు గానీ ఆ తీగను తింటున్నాయన్నమాట.

మెగ్గర్ పట్టించే మరో లోపం న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగలడం. దీనివల్ల లైట్లు ఆరిపోవు, ఎంసీబీ పడదు. ఆర్‌సీసీబీ మాత్రం లోడు పెరిగినప్పుడల్లా వేళాపాళా లేకుండా పడుతుంది. కారణం తెలియక జనం ఆర్‌సీసీబీని మార్చేస్తారు, లేదా దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేస్తారు. అయిదు నిమిషాల పరీక్షతో తేలిపోయే లోపానికి ప్రాణరక్షణ పరికరాన్నే తీసి పక్కన పెడుతున్నారు. ఇది మమ్మల్ని నిజంగా బాధపెట్టే సంగతి.

పోలారిటీ పరీక్ష చిన్నదే. స్విచ్చు ఫేజ్ మీదే ఉండాలి, న్యూట్రల్ మీద ఉండకూడదు. న్యూట్రల్ మీద ఉంటే బల్బు ఆరినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. స్విచ్చు ఆపి బల్బు మార్చే మనిషికి షాక్ కొట్టేది ఇక్కడే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘ఎర్త్ పిట్ (నేలలో ఎర్త్ కమ్మీ పాతిన గుంత) బాగుంది, ఇంకేం భయం’ అన్న ధీమా చాలామందిలో ఉంది. లెక్క వేసి చూద్దాం. సప్లై న్యూట్రల్‌తో తీగ ద్వారా సంబంధం లేకుండా, భవనం ఎర్త్ కేవలం సొంత పిట్ మీదే ఆధారపడి ఉంటే దాన్ని టీటీ పద్ధతి అంటారు. పిట్ నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. గీజర్‌లో ఫేజ్ బాడీకి తగిలితే పారే కరెంటు 230ని 20తో భాగిస్తే 11.5 యాంపియర్లు. 16 యాంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు; ఎప్పటికీ పడదు. గీజర్ బాడీ దాదాపు ఫేజ్ వోల్టేజీ మీదే కూర్చుంటుంది, రెండున్నర కిలోవాట్లకు పైగా విద్యుత్ శక్తి నేలలోకి పోతూ ఉంటుంది. పిట్‌ను ఎంతో కష్టపడి 2 ఓమ్‌లకు దించినా 115 యాంపియర్లే. సీ రకం 16 యాంపియర్ల ఎంసీబీ వెంటనే పడుతుందని గట్టిగా చెప్పాలంటే రేటింగ్‌కు పది రెట్లు, అంటే 160 యాంపియర్లు కావాలి. 230 వోల్టుల టీటీ పద్ధతిలో సాకెట్ సర్క్యూట్లకు సరఫరా తెగడానికి ప్రమాణం ఇచ్చిన గడువు 0.2 సెకను. ఎంసీబీ ఒక్కదానితో ఆ గడువును అందుకోవడం దాదాపు అసాధ్యం.

అదే సర్క్యూట్‌లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే లెక్క మారిపోతుంది. తాకగల వోల్టేజీ 50 వోల్టులకు మించకూడదన్న నియమం ప్రకారం 50ని 0.03తో భాగిస్తే 1,667 ఓమ్‌ల దాకా ఎర్త్ నిరోధం ఉన్నా అది పనిచేస్తుంది. అలాగని పిట్‌ను గాలికి వదిలేయమని కాదు. 200 ఓమ్‌లు దాటిన ఎలక్ట్రోడ్ (నేలలో పాతిన ఎర్త్ కమ్మీ) విలువ నిలకడగా ఉండకపోవచ్చని బ్రిటన్ వైరింగ్ నియమావళి బీఎస్ 7671 హెచ్చరిస్తుంది. నేల ఆరితే అది ఇంకా పెరుగుతుంది. కానీ పిట్లకు పెట్టే శ్రద్ధలో సగం కూడా ఆర్‌సీసీబీ మీద పెట్టకపోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

సప్లై న్యూట్రల్, ఎర్త్ కలిసి వచ్చే టీఎన్ పద్ధతిలో ఎంసీబీయే పడగలదు, గడువు 0.4 సెకను. అయితే లూప్ ఇంపెడెన్స్ తగినంత తక్కువ ఉండాలి. బీ రకం 16 యాంపియర్ల ఎంసీబీకి 80 యాంపియర్లు కావాలి కాబట్టి 2.87 ఓమ్‌ల దాకా సరిపోతుంది. సీ రకానికి 1.44. సీ రకం 32కి 0.72 మాత్రమే. తీగ చల్లగా ఉన్నప్పుడు కొలుస్తాం కాబట్టి, వేడెక్కాక పెరిగే నిరోధానికి సందు వదలడానికి కొలిచిన విలువ ఇందులో మూడింట రెండు వంతులు దాటకూడదు. అంటే సీ 16కి 0.96 ఓమ్. కొలవాల్సింది డీబీ దగ్గర కాదు, ఆ సర్క్యూట్‌లో అన్నిటికన్నా దూరంగా ఉన్న సాకెట్ దగ్గర. ఆర్‌సీసీబీ పడకుండా కొలిచే మోడ్‌లో మీటరు చాలా చిన్న కరెంటుతో కొలుస్తుంది కాబట్టి రీడింగ్ కొంత అటూ ఇటూ ఊగుతుంది. రెండుమూడు సార్లు తీసి చూడాలి.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పి తీరాలి. ఎర్త్ వైరు లేని సాకెట్‌లో కొందరు న్యూట్రల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య చిన్న తీగ ముక్క కలిపేస్తారు. లూప్ మీటరు పెడితే రీడింగ్ అద్భుతంగా వస్తుంది, సాకెట్ టెస్టర్‌లో లైట్లన్నీ సరిగ్గా వెలుగుతాయి. కానీ వెనకాల న్యూట్రల్ తెగిన రోజున, ఆన్‌లో ఉన్న పరికరం గుండా ఫేజ్ వోల్టేజీ నేరుగా లోహపు బాడీకి చేరుతుంది. దీన్ని పట్టుకోవాలంటే సరఫరా ఆపి, డీబీలో న్యూట్రల్‌ను విడదీసి న్యూట్రల్–ఎర్త్ మధ్య కొలవాలి, అనుమానం ఉంటే సాకెట్ విప్పి చూడాలి. లూప్ పరీక్ష ఒక్కటే చేసి వెళ్లేవారికి ఇది చిక్కదు.

పిట్ నిరోధాన్ని కొలిచే పద్ధతిలోనూ అశ్రద్ధ ఉంది. సరఫరా ఆపి, పిట్ దగ్గర ఎర్త్ వైరును విడదీసి, 30 మీటర్ల దూరంలో ఒక కమ్మీ, మధ్యలో 18.6 మీటర్ల దగ్గర మరో కమ్మీ పాతి కొలవాలి. మధ్య కమ్మీని 3 మీటర్లు వెనక్కి, 3 మీటర్లు ముందుకు జరిపి మళ్లీ తీయాలి. మూడు రీడింగులూ దగ్గరదగ్గరగా వస్తేనే విలువ నమ్మదగింది. తేడా ఎక్కువుంటే దూరం కమ్మీని ఇంకా దూరం జరపాలి. క్లాంప్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి కొలిచే మీటరు) చేస్తే పని తేలికే, కానీ కరెంటు తిరిగి రావడానికి మరో ఎర్త్ దారి ఉంటేనే అది పనిచేస్తుంది. విడిగా ఉన్న ఒక్క కమ్మీకి క్లాంప్ వేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

ఆర్‌సీసీబీ పరీక్ష దగ్గర అందరూ చేసే మొదటి పని ‘టి’ బటన్ నొక్కడం. పరీక్షకు వెళ్లినవారు మాత్రం ముందు మీటరుతోనే మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి కదలని ఆర్‌సీసీబీ లోపలి మెకానిజం బిగుసుకుపోతుంది. బటన్ నొక్కి ఒకసారి కదిపాక తీసిన రీడింగ్, అంతకుముందు అది ఏ స్థితిలో ఉందో దాచేస్తుంది. 30 మిల్లీయాంపియర్ల పరికరానికి 15 పంపితే పడకూడదు. 30 పంపితే 300 మిల్లీసెకన్లలోపు, 150 పంపితే 40 మిల్లీసెకన్లలోపు పడాలి. ఏసీ తరంగం పాజిటివ్ వైపు మొదలైనప్పుడు ఒకసారి, నెగెటివ్ వైపు మొదలైనప్పుడు ఒకసారి కొలిచి, ఎక్కువ సమయం పట్టినదాన్నే రాయాలి. ఈ సంఖ్యలు ఊరికే పెట్టినవి కావు. మనిషి ఒంట్లోంచి పది మిల్లీయాంపియర్ల చుట్టుపక్కల కరెంటు పారితే చాలు, కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేడు. అంతకు కొన్ని రెట్లయితే గుండె లయ తప్పుతుంది. ఎంత కరెంటు అన్నదాంతో పాటు ఎంతసేపు పారిందన్నది ప్రాణాన్ని నిర్ణయిస్తుంది.

టి బటన్ నెలకోసారైనా, తయారీదారు చెప్పిన గడువు ప్రకారమైనా ఇంట్లోవారు నొక్కాలి. మెకానిజం బిగుసుకోకుండా ఉంటుంది. కానీ అది ఎర్త్‌ను పరీక్షించదు. బటన్ లోపలి రెసిస్టర్ గుండా కరెంటును దారి మళ్లించి పరికరాన్ని పడగొడుతుంది, అంతే. భవనంలో అసలు ఎర్తే లేకపోయినా బటన్‌కు పడుతుంది. అలాగే ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌కు పడదు, దానితో ఎంసీబీ ఉండాల్సిందే. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని అది మామూలు లోడు అనుకుంటుంది, కాపాడదు. 100, 300 మిల్లీయాంపియర్లవి అగ్నిప్రమాదం నివారణకు వాడేవి; వాటిని చూపించి మనుషులకు రక్షణ ఉందని రాయకూడదు. రకం కూడా రాయాలి. ఇప్పటి ఇళ్లలో ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషిన్లు, కంప్యూటర్లు వదిలే లీకేజీలో డీసీ పాలు ఉంటుంది. ‘టైప్ ఏసీ’ ఆర్‌సీసీబీ దానికి మొద్దుబారిపోవచ్చు. ‘టైప్ ఏ’ ఆర్‌సీసీబీ 6 మిల్లీయాంపియర్ల నున్నటి డీసీ దాకా తట్టుకుంటుంది. విద్యుత్ వాహనాల చార్జర్ దగ్గర ‘టైప్ బీ’ ఆర్‌సీసీబీయో, 6 మిల్లీయాంపియర్ల డీసీని గుర్తించే ఏర్పాటుతో కూడిన ‘టైప్ ఏ’దో ఉండాలి.

ఊరికే పడుతోందన్న ఫిర్యాదు వస్తే లీకేజీ క్లాంప్‌ను ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి చుట్టి కొలవాలి. నిలకడగా ఉండే లీకేజీ రేటింగ్‌లో 30 శాతం, అంటే 9 మిల్లీయాంపియర్లు దాటకుండా చూడమన్నది మంచి సూచన. దాటితే సర్క్యూట్లను విడగొట్టి రెండు మూడు ఆర్‌సీసీబీల కింద పంచాలి. రెండు ఆర్‌సీసీబీల సర్క్యూట్ల న్యూట్రళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయినా ఇదే ఫిర్యాదు వస్తుంది.

అగ్నిప్రమాదాల సంగతికొస్తే, మంచి ఎంసీబీ ఉన్న చోట నేరుగా జరిగే షార్ట్‌ను అది సెకనులో వందో వంతు లెక్కలో కత్తిరిస్తుంది. మనం ఎక్కువగా భయపడాల్సింది వదులు జాయింటుకు. ఒక టెర్మినల్ స్క్రూ వదులై అక్కడ 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. 20 యాంపియర్లు పారుతుంటే ఆ ఒక్క బిందువులో 40 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోటులో సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. ఎంసీబీకి కనిపించేది 20 యాంపియర్ల మామూలు లోడే కాబట్టి పడదు. తొడుగు మాడి, ప్లాస్టిక్ బొగ్గై, చివరికి ఫేజ్, న్యూట్రల్ కలుసుకుంటాయి. అప్పుడు జరిగే షార్ట్‌ను వార్తలో రాస్తారు, దానికి ముందు నెలల తరబడి నడిచిన కథ ఎవరికీ కనబడదు. దీన్ని ముందే పట్టేది థర్మల్ కెమెరా. లోడు నడుస్తున్నప్పుడే తీయాలి, ఖాళీ బోర్డును ఫొటో తీస్తే అంతా నీలంగానే ఉంటుంది. మెరిసే రాగి బస్‌బార్ వేడిగా ఉన్నా కెమెరాకు చల్లగా కనిపిస్తుంది. నల్ల టేపు ముక్క ముందే అంటించి ఉంచితే నిజమైన వేడి తెలుస్తుంది. ఒకే లోడున్న మూడు ఫేజ్‌ల టెర్మినళ్లను పక్కపక్కన పోల్చడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. స్క్రూలు బిగించడానికి టార్క్ స్క్రూడ్రైవర్ వాడి తయారీదారు ఇచ్చిన విలువకు బిగించాలి. అల్యూమినియం కేబుల్‌ను రాగి టెర్మినల్‌కు కలిపే చోట బైమెటాలిక్ లగ్గు వాడకపోతే జాయింటు కాలక్రమంలో పాడయ్యే ప్రమాదం ఎక్కువ.

త్రీఫేజ్ భవనాల్లో న్యూట్రల్ జాయింటును ప్రత్యేకంగా చూడాలి. అది ఊడితే తక్కువ లోడున్న ఫేజ్ మీది ఇళ్లకు 230కి బదులు 400 వోల్టులకు దగ్గరగా పోవచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు ఒక్కసారిగా కాలిపోయాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఎల్ఈడీలు, కంప్యూటర్లు నిండిన ఆఫీసుల్లో మూడో హార్మోనిక్ (సరఫరా పౌనఃపున్యానికి మూడు రెట్లతో ఊగే) కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాని మీద ఒకటి పోగుపడతాయి, ఫేజ్‌లు సమానంగా ఉన్నా న్యూట్రల్ వేడెక్కుతుంది. ట్రూ ఆర్ఎంఎస్ (ఆకారం చెడిన తరంగాన్నీ సరిగ్గా కొలిచే) క్లాంప్ మీటరుతో న్యూట్రల్ కరెంటును కొలిచి రాయాలి.

జనరేటర్, ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు రక్షణ పనిచేస్తుందా అన్నది దాదాపు ఎవరూ చూడరు. ఛేంజోవర్ స్విచ్చు న్యూట్రల్‌ను కూడా విడదీసే రకమైతే, జనరేటర్ న్యూట్రల్‌ను అక్కడే ఎర్త్ చేసి ఉండాలి. లేకపోతే ఫాల్ట్ కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు, ఆర్‌సీసీబీ పడదు. బ్యాటరీ మోడ్‌లో న్యూట్రల్‌ను వేరుచేసే ఇన్వర్టర్లదీ ఇదే సమస్య. కాబట్టి ఆర్‌సీసీబీ పరీక్షను సప్లై మీద ఒకసారి, బ్యాకప్ మీద ఒకసారి చేసి, రెండు విలువలూ విడివిడిగా రాయాలి.

ఇక రిపోర్టు చేతికొచ్చాక, కొలిచి రాశారా లేక కుర్చీలో కూర్చుని నింపారా అని సాధారణ పాఠకులు కూడా కనిపెట్టగల గుర్తులు కొన్ని ఉన్నాయి. మెగ్గర్ విలువ అన్నిచోట్లా ‘200 పైన’ అని ఉండొచ్చు, అది మీటరు హద్దు. కానీ లూప్ ఇంపెడెన్స్ అన్ని సర్క్యూట్లకూ ఒకటే ఉండదు. దూరం పెరిగేకొద్దీ పెరగాలి. మెయిన్ దగ్గర 0.35 ఉండి, నాలుగో అంతస్తు చివరి సాకెట్ దగ్గర 0.30 ఉందంటే ఆ కాగితాన్ని నమ్మలేం. ఇరవై ఆర్‌సీసీబీలూ సరిగ్గా 20 మిల్లీసెకన్లకే పడవు. పిట్ నిరోధం ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ దశాంశాలతో సహా ఒకటే రాదు. మీటరు మోడల్, సీరియల్ నంబరు, కాలిబ్రేషన్ తేదీ లేకపోతే అడగండి. ఏ గదులు తాళం వేసి ఉన్నాయని వదిలేశారో, ఏ సర్క్యూట్లను నమూనాగా మాత్రమే చూశారో రాయని రిపోర్టు మొత్తం భవనాన్ని చూసినట్టు భ్రమ కల్పిస్తుంది. బాగున్నవాటితో పాటు ఫెయిలైన విలువలు కూడా ఉన్న రిపోర్టునే మేం ఎక్కువగా నమ్ముతాం. పాత భవనంలో ఒక్క లోపమూ దొరకలేదంటే వెతకలేదనే అనుకోవాలి.

లోపాలను వర్గీకరించడానికి బ్రిటన్‌లో వాడే పద్ధతి అనుసరించదగ్గది. సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం ఉంది, పరీక్షించినవారు అక్కడికక్కడే దాన్ని నివారించాలి. సీ2 అంటే ప్రమాదం కలగవచ్చు, త్వరగా సరిచేయాలి. సీ3 మెరుగుపరిస్తే మంచిది. ఎఫ్ఐ అంటే ఇంకా లోతుగా చూడాలి. తాకితే తగిలేలా ఉన్న ఫేజ్ తీగనూ, రంగు వెలిసిన లేబులునూ ఒకే జాబితాలో వరసగా రాస్తే యజమాని ముందు లేబులే మారుస్తాడు, అది తేలిక కాబట్టి.

ఎన్నాళ్లకొకసారి అన్న ప్రశ్నకు ఐఈసీ ఉదాహరణగా నాలుగేళ్లు అంటుంది, ఇళ్లకు పదేళ్ల దాకా ఒప్పుకుంటుంది. జనం గుమిగూడే చోట్ల, అగ్నిప్రమాదం భయం ఉన్నచోట్ల అంతకన్నా తక్కువ. ఇంట్లో ఉండేవారు మారినప్పుడు పరీక్ష చేయించడం మంచిదని గట్టిగా సిఫార్సు చేస్తుంది. ఇంగ్లండ్‌లో 2020 నిబంధనల ప్రకారం ప్రైవేటు అద్దె ఇళ్లకు కనీసం అయిదేళ్లకొకసారి తనిఖీ తప్పనిసరి, రిపోర్టు కాపీ అద్దెకున్నవారికి ఇవ్వాలి. ఈ చివరి నియమం మాకు బాగా నచ్చింది. ప్రమాదం ఎవరి నెత్తిన ఉందో వారి చేతికి కాగితం వెళ్తుంది.

కాబట్టి అనుమతులిచ్చే అధికారులకు మా విన్నపం: ‘సంతృప్తికరం’ అన్న ఒక్క వాక్యపు సర్టిఫికెట్ నమూనాను తీసేసి, సర్క్యూట్‌వారీ పట్టికను తప్పనిసరి చేయండి. తీగ సైజు, ఎంసీబీ రకం, రేటింగ్, ఎర్త్ కంటిన్యూటీ, ఇన్సులేషన్, లూప్ ఇంపెడెన్స్, ఆర్‌సీసీబీ సమయం, మీటరు వివరం ఇన్నే గడులు. మీ పత్రికకు విన్నపం: ప్రమాద వార్త రాసేటప్పుడు చివరి పరీక్ష తేదీ, ఆ రిపోర్టులోని విలువలు అడిగి ప్రచురించండి, రిపోర్టు లేకపోతే లేదని రాయండి. పాఠకులకు: పని ఒప్పజెప్పేటప్పుడే ఒప్పందంలో కొలిచిన విలువలన్నీ రాసివ్వాలని చేర్చండి. ఫెయిలైన సర్క్యూట్‌ను బాగుచేశాక మళ్లీ కొలిపించి, ఆ కొత్త విలువను పాత దాని పక్కనే రాయించుకోండి. పట్టిక కాపీ ఒకటి డీబీ తలుపు లోపల అంటించండి, తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

భవదీయులు,
భవన విద్యుత్ తనిఖీల్లో పనిచేస్తున్న ఇంజినీర్లు